ముందు మీరెక్కడున్నారో చెప్పండి

అమెరికాలో వీడియో కాల్‌లో పథ్యం చెప్పే డైటీషియన్ మొదట అడిగేది ఏం తిన్నారని కాదు, ఏ రాష్ట్రంలో కూర్చున్నారని. నది దాటితే చట్టం మారుతుంది, విమానం దిగితే మళ్లీ మారుతుంది. ఆ లెక్క ఇప్పుడు మన అమ్మల, అత్తయ్యల షుగర్ నోటుపుస్తకాల దాకా వచ్చింది.

"నమస్తే అమ్మా, ఇవాళ ఎక్కణ్నుంచి మాట్లాడుతున్నారు?"

"ఎక్కణ్నుంచేంటమ్మా, వంటింట్లోంచే."

"అది కాదండీ, ఏ రాష్ట్రంలో ఉన్నారని అడుగుతున్నా."

"మొన్నటిదాకా పెద్దోడి దగ్గర డల్లాస్‌లో ఉన్నా కదా. శనివారం అమ్మాయి దగ్గరికొచ్చా. ఇదేదో కొలంబస్. ఒహాయో అంట."

తెర మీద డైటీషియన్ కాసేపు ఏమీ మాట్లాడదు. పెద్దావిడ చేతిలో నోటుపుస్తకం తెరిచే ఉంది. పరగడుపున ఎంత, ఇడ్లీ తిన్న రెండు గంటలకు ఎంత, ఏకాదశి ఉపవాసం మర్నాడు ఎంత, అన్నీ పది రోజులుగా రాసి పెట్టుకుంది. చదివి వినిపిద్దామని కళ్లజోడు కూడా పెట్టుకుని కూర్చుంది. ఎదుటి మనిషికి టెక్సస్ లైసెన్సు ఉంది, ఒహాయో లైసెన్సు లేదు. ఆ పుస్తకం చూసి ఫలానా పూట ఇంత తినండని చెబితే, లైసెన్సు లేకుండా ఒహాయోలో వృత్తి చేసినట్టు లెక్క.

ఈ సంభాషణ నేను అల్లింది. ఇందులోని ఇబ్బంది మాత్రం అల్లింది కాదు. అమెరికాలో లక్షకు పైగా ఉన్న రిజిస్టర్డ్ డైటీషియన్లలో వీడియో ద్వారా పనిచేసేవాళ్లకు ఇది రోజువారీ తలనొప్పి. కాల్ మొదలవగానే క్లయింట్ ఎక్కడున్నారో అడిగి, జవాబును ఫైల్లో రాసుకోవడం వాళ్లకు అలవాటైపోయింది.

మన పలకరింపే అన్నం తిన్నావా అని. తిండి మీద సలహా ఇవ్వడానికి మనకు ఒకరి అనుమతి అక్కర్లేదు. బస్సులో పక్కసీటాయన కాకరకాయ రసం తాగమంటాడు, పెళ్లిలో పిన్ని మెంతులు నానబెట్టుకోమంటుంది, లంఖణం పరమౌషధమని తాతయ్య తేల్చేస్తాడు. ఆ ఇళ్లలోంచి వెళ్లినవాళ్లకు, షుగరున్న మనిషికి ఎంత అన్నం పెట్టాలో డబ్బు తీసుకుని చెప్పడం ఒక రాష్ట్రంలో మామూలు బతుకుతెరువనీ పక్క రాష్ట్రంలో నేరమనీ అంటే మింగుడు పడదు.

కుర్చీని బట్టి చట్టం

అమెరికాలో వృత్తుల మీద పెత్తనం రాష్ట్రాలది. డాక్టరైనా నర్సయినా మంగలైనా లైసెన్సు ఇచ్చేది రాష్ట్రమే. ఈ పద్ధతికి గట్టి పునాది 1889లో పడింది. వెస్ట్ వర్జీనియాలో డెంట్ అనే ఆయన రాష్ట్రం కోరిన అర్హత లేకుండా వైద్యం చేశాడని కేసు పెడితే, ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి ఓడిపోయాడు. ప్రజల ఆరోగ్యం కోసం రాష్ట్రం ఇలాంటి అర్హతలు పెట్టుకోవచ్చని కోర్టు చెప్పింది. ఆ తీర్పు వచ్చేనాటికి వైద్యుడూ రోగీ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఇద్దరి కుర్చీలూ ఒకే రాష్ట్రంలో ఉండేవి కాబట్టి ఎవరి కుర్చీని లెక్కలోకి తీసుకోవాలన్న ప్రశ్నే రాలేదు.

వీడియో ఆ రెండు కుర్చీలనూ విడదీసింది. రాష్ట్రాలు అందులో క్లయింట్ కుర్చీనే ఎంచుకున్నాయి. సలహా వింటున్న మనిషి ఆ నిమిషాన ఎక్కడ కూర్చుంటే వృత్తి అక్కడ జరిగినట్టు. దీంట్లో న్యాయం లేకపోలేదు. సలహా బెడిసికొడితే ఫిర్యాదు వినాల్సింది క్లయింట్ ఊళ్లోని బోర్డు. దాని చెయ్యి అందని మనిషి ఆ రాష్ట్రంలోకి తొంగిచూసి పథ్యం చెప్పి తప్పుకుంటే బోర్డు చేయగలిగేది శూన్యం.

చిక్కల్లా మనుషులు ఒకచోట కూర్చోకపోవడం. వర్జీనియాలోని ఆష్‌బర్న్ చుట్టుపక్కల మనవాళ్ల ఇళ్లు ఎన్ని ఉన్నాయో అక్కడికి వెళ్లొచ్చినవాళ్లకు తెలుసు. అక్కడ ఉండే ఒకాయన రోజూ పొటోమాక్ నది దాటి మేరీలాండ్‌లోని బెథెస్డాకు ఉద్యోగానికి వెళ్తాడనుకుందాం. వర్జీనియా చట్టం డైటీషియన్, న్యూట్రిషనిస్ట్ అన్న బిరుదులను కాపాడుతుంది తప్ప, సలహా ఇవ్వడానికి లైసెన్సు అడగదు. మేరీలాండ్ అడుగుతుంది. సాయంత్రం ఇంటి నుంచి చేసిన కాల్‌కు అడ్డు లేదు. అదే కాల్‌ను మధ్యాహ్నం ఆఫీసులో లంచ్ డబ్బా ముందు పెట్టుకుని చేస్తే, మేరీలాండ్ లైసెన్సు లేని డైటీషియన్‌కు అడ్డు. మనిషి అతనే, షుగర్ అదే, డబ్బాలోని పప్పన్నమూ అదే.

దీనికన్నా బాధాకరమైన సంగతి కాలేజీ పిల్లలది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో పెరిగిన అమ్మాయి తిండి దగ్గర భయపడే జబ్బుతో, అంటే ఈటింగ్ డిజార్డర్‌తో బాధపడుతోందనుకోండి. అలాంటి పిల్లతో డైటీషియన్‌కు నమ్మకం కుదరడానికే నెలలు పడుతుంది. ఆగస్టులో పిల్ల వేరే రాష్ట్రంలో యూనివర్సిటీకి వెళ్తుంది. అమ్మ వంట లేదు, పొరుగు లేదు, రూమ్మేట్ కొత్త. తోడు ఎక్కువ కావాల్సిన ఆ వారంలోనే డైటీషియన్ చట్టపరంగా చెయ్యి వదలాల్సి రావచ్చు. క్రిస్మస్ సెలవులకు ఇంటికొస్తే మళ్లీ మాట్లాడొచ్చు, జనవరిలో మళ్లీ ఆపాలి. రెండు రాష్ట్రాల లైసెన్సులూ ఉన్నవాళ్లు దొరికితే సరే. లేకపోతే కథ మొదటి నుంచి కొత్తవాళ్లకు చెప్పుకోవాలి. ఈ జబ్బులో అంతకంటే కష్టమైన పని లేదు.

రాష్ట్రానికో తీరు

ఈ చట్టాలు ఎంత గజిబిజిగా ఉంటాయో ఒకటి రెండు చూస్తే చాలు. తెలుగువాళ్లు అత్యధికంగా ఉన్న కాలిఫోర్నియాలో డైటీషియన్లకు రాష్ట్ర లైసెన్సంటూ లేదు. రిజిస్టర్డ్ డైటీషియన్ అన్న పేరు మాత్రం అర్హత లేనివాళ్లు వాడకూడదు. టెక్సస్ లైసెన్సు ఇస్తుంది, కానీ అది ప్రధానంగా బిరుదుకు కాపలా. ఒహాయో, నార్త్ కరోలినా లాంటివి బిరుదుతో ఆగవు, పనినే లైసెన్సుదారులకు పరిమితం చేస్తాయి. న్యూజెర్సీ చాలాకాలం ఊరుకుని 2020 జనవరిలో లైసెన్సు చట్టం తెచ్చింది. మిషిగన్‌ది మరీ విచిత్రం. 2006లో చట్టం చేసి, అమలు చేయకుండానే ఎనిమిదేళ్లు కూర్చుని, 2014లో దాన్ని రద్దు చేసింది. ఈ చట్టాలు ఇంకా మారుతూనే ఉన్నాయి. ఈ ఏడాది నిజం వచ్చే ఏడాదికి ఉండకపోవచ్చు.

ఫ్లోరిడా 2019లో ఒక కిటికీ తెరిచింది. వేరే రాష్ట్రంలో లైసెన్సున్న ఆరోగ్య వృత్తులవాళ్లు టెలిహెల్త్ రిజిస్ట్రేషన్ చేయించుకుంటే, పూర్తి లైసెన్సు లేకుండానే ఫ్లోరిడా క్లయింట్లతో వీడియోలో మాట్లాడొచ్చు. డైటీషియన్లూ ఆ జాబితాలో ఉన్నారు. ఇక్కడో తమాషా ఉంది. ఈ సదుపాయానికి ఏదో ఒక రాష్ట్రపు లైసెన్సు చూపించాలి. కాలిఫోర్నియాలో ఉన్న డైటీషియన్ ఎంత చదివినా, ఎంత అనుభవమున్నా, చూపించడానికి సొంత రాష్ట్రపు లైసెన్సు ఉండదు. ఇంకో రాష్ట్రపు లైసెన్సు లేకపోతే, స్వేచ్ఛ ఎక్కువైన రాష్ట్రంలో ఉన్నందుకు గడప దగ్గర ఆగిపోవాలి.

754 డాలర్ల 9 సెంట్లు

అదే ఫ్లోరిడాలో నడిచిన కేసు ఒకటి ఈ చర్చనంతా దేశం ముందుకు తెచ్చింది. హెదర్ డెల్ కాస్టిల్లో అనే ఆవిడ కాలిఫోర్నియాలో హెల్త్ కోచ్. భర్త ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగం వల్ల 2015లో ఫ్లోరిడాకు మారింది. సైనిక కుటుంబాలకు రాష్ట్రాలు మారడం మనకు అద్దె ఇళ్లు మారినంత మామూలు. అక్కడ చేస్తున్న పనే ఇక్కడా కొనసాగించింది, అదే వెబ్‌సైట్, అవే సలహాలు. 2017లో లైసెన్సున్న ఒక డైటీషియన్ ఆవిడ మీద ఫిర్యాదు చేసింది. ఆరోగ్య శాఖ పరిశోధకుడు క్లయింట్ వేషంలో ఈమెయిల్ పంపాడు. ఆవిడ అందరికీ ఇచ్చినట్టే జవాబిచ్చింది. ఫలితం, 500 డాలర్ల జరిమానా, దాని మీద దర్యాప్తు ఖర్చులు. మొత్తం 754 డాలర్ల 9 సెంట్లు. పనిని వెంటనే ఆపాలన్న ఆదేశం సరేసరి.

దర్యాప్తు ఖర్చు సెంట్లతో సహా వసూలు చేయడం దగ్గర నాకు మన పాత రెవెన్యూ గుమస్తాలు గుర్తొచ్చారు.

ఫ్లోరిడాలో అప్పుడు లైసెన్సు కావాలంటే పోషకాహారంలో డిగ్రీ, 900 గంటల పర్యవేక్షిత శిక్షణ, ఆపైన పరీక్ష ఉండాలి. ఆవిడ 2017 అక్టోబరులో కోర్టుకెక్కింది. వాదన సూటిగానే ఉంది. నేను మందులివ్వట్లేదు, సూదులు గుచ్చట్లేదు, మాట్లాడుతున్నానంతే, మాట్లాడే హక్కు రాజ్యాంగం ఇచ్చిందే కదా అని. 2019లో జిల్లా కోర్టు ఒప్పుకోలేదు. 2022 ఫిబ్రవరిలో 11వ సర్క్యూట్ అప్పీళ్ల కోర్టూ ఒప్పుకోలేదు. ఇది వృత్తి మీద నియంత్రణ, మాట మీద పడే ప్రభావం దాని వెంట వచ్చేదే అని చెప్పింది. అదే ఏడాది డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ అప్పీలును వినడానికి నిరాకరించింది.

కోర్టులో అన్ని మెట్ల మీదా ఓడిన ఆవిడ తన పని తిరిగి మొదలుపెట్టుకోగలిగింది. కోర్టుల వల్ల కాదు, శాసనసభ వల్ల. 2020 జులై 1 నుంచి అమల్లోకొచ్చిన చట్ట సవరణతో, డైటీషియన్‌నని చెప్పుకోకుండా, ఏదైనా జబ్బుకు డాక్టరు ప్రత్యక్ష సంరక్షణలో ఉన్నవాళ్లకు కాకుండా ఇచ్చే తిండి సలహాకు ఫ్లోరిడా మినహాయింపు ఇచ్చింది. అంటే బరువు తగ్గాలనుకునే ఆరోగ్యవంతుడితో ఎవరైనా మాట్లాడొచ్చు. కిడ్నీ డాక్టరు చూస్తున్న రోగికి పథ్యం చెప్పాలంటే లైసెన్సు కావాలి. నాకు తెలిసినంతలో ఈ గీత, కుర్చీని చూసి గీసే గీతకంటే బుద్ధిగా ఉంది. ఇది మనిషి ఎక్కడున్నాడని కాక ఎలా ఉన్నాడని అడుగుతుంది.

నార్త్ కరోలినాలో దీనికి ముందే ఇంకో గొడవ నడిచింది. స్టీవ్ కుక్సీ అనే ఆయన 2009లో షుగర్ పెరిగి ఆస్పత్రి పాలయ్యాడు. పిండిపదార్థాలు బాగా తగ్గించి 78 పౌండ్లు, అంటే సుమారు 35 కిలోలు తగ్గాడు. ఆ అనుభవం నెట్‌లో రాయడం మొదలుపెట్టాడు, పాఠకుల ప్రశ్నలకు జవాబులూ ఇచ్చాడు. 2012లో రాష్ట్ర బోర్డు ఆయన రాసినదాన్ని 19 పేజీలు అచ్చుతీసి, బడిపంతులు కాపీ దిద్దినట్టు ఎర్రసిరాతో ఎక్కడెక్కడ తప్పో గుర్తులు పెట్టి పంపింది. తన కథ చెప్పుకోవడానికి ఫర్వాలేదు, ఫలానా రోగి అడిగిన ఫలానా ప్రశ్నకు జవాబిస్తే అది కౌన్సెలింగే అని వాళ్ల వాదన. 2013లో అప్పీళ్ల కోర్టు ఆయన కేసు వినాల్సిందేనంది. 2015లో బోర్డు మార్గదర్శకాలు మార్చుకోవడంతో రాజీ కుదిరింది.

 

మన గురువులకు ఎర్రసిరా

ఆ 19 పేజీల సంగతి చదువుతుంటే మనవాళ్లు గుర్తురాక మానరు. ఉప్పూ నూనే మానేయమన్న మంతెన సత్యనారాయణరాజు మాటలు రెండు రాష్ట్రాల్లో వంటిళ్లు మార్చాయి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ డైట్ పేరుతో కొబ్బరినూనె సీసాలు కిరాణా కొట్లలో దొరకని రోజులు చూశాం. ఖాదర్ వలీ వల్ల కొర్రలు, అండుకొర్రలు అపార్ట్‌మెంట్ల మెట్లెక్కాయి. ఆ పద్ధతుల మంచిచెడ్డలు ఈ కథనానికి అక్కర్లేదు. కానీ ఈ ముగ్గురి వీడియోలూ డల్లాస్‌లోనూ చూశారు, న్యూజెర్సీలోనూ పాటించారు.

అమెరికా చట్టం వాటిని ఎలా చూస్తుంది? పుస్తకం రాసినా, వేదిక మీద వెయ్యిమందికి చెప్పినా, యూట్యూబ్‌లో పెట్టినా సాధారణంగా అది వాక్స్వాతంత్ర్యం. ఏ బోర్డూ అడ్డుపడదు. ఆ వెయ్యిమందిలోంచి ఒకావిడ లేచి, నాకు షుగర్ ఇంతుంది, క్రియాటినిన్ ఇంతుంది, నేనేం తినాలి అని అడిగి, దానికి డబ్బు తీసుకుని జవాబిచ్చారా, కఠినమైన రాష్ట్రాల్లో అప్పుడది వృత్తి అవుతుంది. పదిలక్షల మందికి ఒకేసారి తప్పు చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు. ఒక్క మనిషికి రిపోర్టు చూసి ఒప్పు చెప్పడానికి కావాలి. వినడానికి తలకిందులుగా ఉన్నా, కోర్టులు ఇంచుమించు ఇక్కడే నిలబడుతున్నాయి.

లైసెన్సు వద్దనేవాళ్లకు కొబ్బరిబోండం

ఇంతవరకు చదివి ఈ లైసెన్సులన్నీ ఉత్త అడ్డుగోడలని అనుకుంటే పొరపాటు. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి కొబ్బరినీళ్లు మంచివి, అరటిపండు మంచిది, ఆకుకూర రసాలు మంచివి అని సలహా ఇచ్చేవాళ్లు మన చుట్టూ కొల్లలు. వీటన్నిట్లో పొటాషియం ఉంటుంది. పనిచేసే కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. రక్తంలో అది పెరిగితే గుండె లయ తప్పుతుంది. బీపీ ఉన్నవాళ్లకు ఆరోగ్యకరమని అమ్మే తక్కువ సోడియం ఉప్పులో, సోడియానికి బదులు చాలావరకు పొటాషియమే ఉంటుంది. అది వంటింట్లో పక్కనే కూర్చుని మామగారి కూరలోకి వెళ్లిపోతుంది. ఇలాంటివి చదువు లేకుండా పసిగట్టలేం.

అమెరికాలో రిజిస్టర్డ్ డైటీషియన్ కావాలంటే 1000 గంటల శిక్షణ, జాతీయ పరీక్ష ఉండాలి. 2024 జనవరి 1 నుంచి ఆ పరీక్ష రాయడానికి పీజీ డిగ్రీ కూడా తప్పనిసరి చేశారు. 1917లో క్లీవ్‌లాండ్‌లో డైటీషియన్ల సంఘం పెట్టినప్పుడు వాళ్ల ముందున్నది యుద్ధకాలపు ఆహార కొరత. 1969లో రిజిస్ట్రేషన్ పద్ధతి మొదలైంది. ఇప్పుడు అదే వృత్తి కిడ్నీ, కేన్సర్, గర్భవతుల షుగర్ దాకా వచ్చింది. న్యూట్రిషనిస్ట్ అన్న మాటకు మాత్రం కొన్ని రాష్ట్రాల్లో ఇప్పటికీ ఏ అర్థమూ లేదు. వారాంతపు ఆన్‌లైన్ కోర్సు చేసినవాళ్లూ అదే పేరు పెట్టుకోవచ్చు. కాబట్టి చదువును పరీక్షించే గోడను నేను తప్పుపట్టను. ఒకే చదువు, ఒకే జాతీయ పరీక్ష పాసైన మనిషిని యాభై గడపల దగ్గర యాభైసార్లు ఆపే గోడ సంగతే వేరు.

కొన్నాళ్ల స్వేచ్ఛ, నలభై కాగితాలు

2020 మార్చిలో కరోనా వచ్చాక చాలా రాష్ట్రాలు అత్యవసర ఉత్తర్వులతో లైసెన్సు నిబంధనలు సడలించాయి. బయటి రాష్ట్రాలవాళ్లు వీడియోలో పనిచేసుకోవచ్చన్నాయి. ఆకాశం విరిగి మీద పడలేదు. కొన్ని ఉత్తర్వులు నెలల్లో ముగిశాయి, కొన్ని సాగాయి. 2023 మే 11న కేంద్ర స్థాయి ఆరోగ్య అత్యవసర పరిస్థితి ముగిసే నాటికి చాలావరకు పాత గోడలు లేచి నిలబడ్డాయి. ఆలోపు క్లయింట్లు వీడియోకు అలవాటు పడిపోయారు. ఆకలిని తగ్గించే ఒజెంపిక్ లాంటి మందులు వాడేవాళ్లు పెరిగాక డైటీషియన్ల అవసరం ఇంకా పెరిగింది. ఆకలి చచ్చిపోయినవాళ్లకు కండ కరగకుండా ఏం తినాలో ఎవరో ఒకరు చెప్పాలి కదా.

వీడియో ద్వారా డైటీషియన్లను సమకూర్చే కంపెనీలు దీనికి డబ్బుతో దారి వెతుక్కున్నాయి. తమ దగ్గర పనిచేసేవాళ్లకు పది, పాతిక రాష్ట్రాల లైసెన్సులు తీయిస్తాయి. సొంతంగా ప్రాక్టీసు పెట్టుకున్న డైటీషియన్‌కు అది కుదరదు. ఒక్కో రాష్ట్రానికి దరఖాస్తు, రుసుము, రెన్యువల్ గడువు, కొన్నిచోట్ల వేలిముద్రలు. తెలుగు మాట్లాడే డైటీషియన్లు చాలామంది ఇలా ఒంటరిగా పనిచేసేవాళ్లే. వాళ్లు రెండు మూడు రాష్ట్రాల దగ్గర ఆగిపోతారు. ఆ రెండు మూడింట్లో మీరు లేకపోతే అమ్మకు అర్థమయ్యే భాషలో పథ్యం చెప్పే మనిషి దొరకడం కష్టం.

దీనికి తోడు ఇన్సూరెన్సు ఇంకో తాళం. సలహా ఇవ్వడానికి లైసెన్సు అడగని రాష్ట్రంలోనూ, బిల్లు చెల్లించడానికి ఇన్సూరెన్సు కంపెనీ అర్హత పత్రాలు అడుగుతుంది. 65 దాటినవాళ్ల మెడికేర్ 2002 నుంచి పోషకాహార చికిత్సకు డబ్బు కడుతోంది. అది కూడా షుగర్, డయాలిసిస్ దాకా రాని కిడ్నీ జబ్బు, ఈమధ్య కిడ్నీ మార్పిడి అయినవాళ్లకే, డాక్టరు రాసిస్తేనే. మొదటి ఏడాది మూడు గంటలు, ఆ తర్వాత ఏటా రెండు గంటలు. బీపీకి లేదు, గుండెజబ్బుకు లేదు. ఏడాదికి రెండు గంటలంటే మనిళ్లలో ఆవకాయ మానమని ఒప్పించడానికే సరిపోతుంది.

ఈ గోడలకు తలుపులు పెట్టే ప్రయత్నం ఒకటి నడుస్తోంది. డైటీషియన్ లైసెన్షర్ కాంపాక్ట్ అంటే రాష్ట్రాల మధ్య ఒప్పందం. ఒక సభ్య రాష్ట్రంలో లైసెన్సు ఉంటే, మిగతా సభ్య రాష్ట్రాల్లో పనిచేసే అనుమతి సులువుగా దొరుకుతుంది. ముసాయిదా తయారీ వెనుక అమెరికా రక్షణ శాఖ కూడా ఉంది. ఫ్లోరిడా కేసు గుర్తుంటే ఎందుకో అర్థమవుతుంది, సైనికుల భార్యలూ భర్తలూ బదిలీ అయిన ప్రతిసారీ ఉపాధి పోగొట్టుకుంటున్నారు. ఏడు రాష్ట్రాలు చట్టం చేస్తే ఒప్పందం ప్రాణం పోసుకుంటుందని నియమం. 2024లో అలబామా, నెబ్రాస్కా, టెనెసీ ముందడుగు వేశాయి, మరుసటి ఏడాది ఏడు దాటింది. లెక్క దాటింది గానీ పని మొదలవడానికి నియమాలు రాయాలి, రాష్ట్రాల రికార్డులను కలిపే డేటాబేస్ కట్టాలి. నర్సుల ఒప్పందంలో ఇప్పటికే నలభైకి పైగా రాష్ట్రాలు, ప్రాంతాలు ఉన్నాయి. డైటీషియన్లు అక్కడికి చేరడానికి చాలా దూరం నడవాలి.

కంచం తెలిసిన మనిషి

ఒప్పందాలన్నీ అమలైనా ఒక సంగతి మిగిలే ఉంటుంది. అన్ని లైసెన్సులూ ఉన్న అమెరికన్ డైటీషియన్‌కు మన కంచం తెలియకపోవచ్చు. అన్నం ఒక కప్పు అంటే ఆవిడకు కొలత కప్పు. మన పెద్దావిడకు పెరుగన్నానికి వేరే, పప్పన్నానికి వేరే, చారన్నానికి వేరే కప్పు. పెసరట్టు ప్రొటీనా పిండిపదార్థమా, గోంగూర పప్పులో నూనె ఎంత, ఉగాదినాడు తొమ్మిది గంటలకే పులిహోర తింటే మందు ఎప్పుడు వేసుకోవాలి, ఇవి పాఠ్యపుస్తకంలో ఉండవు. కంచం తెలిసిన డైటీషియన్ హైదరాబాద్‌లో ఉంటుంది. జాతీయ పోషకాహార సంస్థ ఉన్న ఊరది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి పరిశోధనతో మొదలైన ఆ సంస్థ 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. 2017లో 528 భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలు అచ్చువేసింది. మన ఆకుకూరల లెక్క కావాలంటే అక్కడే దొరుకుతుంది.

అందుకే ఎడిసన్‌లో కోడలు రాత్రి తొమ్మిదికి, హైదరాబాద్‌లో తెల్లవారేసరికి వాట్సాప్ వీడియో కాల్ కలుపుతుంది. అత్తయ్య కుర్చీ న్యూజెర్సీలో ఉంది కాబట్టి న్యూజెర్సీ చట్టం దృష్టిలో ఇదీ అదే ప్రశ్న. పదమూడు వేల కిలోమీటర్ల అవతల ఉన్న మనిషిని ఏ రాష్ట్ర బోర్డూ వెతుక్కుంటూ వెళ్లదు, అది వేరే సంగతి. కానీ ఆ అవతలి మనిషి పొరపాటు చెబితే ఫిర్యాదు పెట్టుకోవడానికి బోర్డూ ఉండదు, బిల్లు కట్టడానికి ఇన్సూరెన్సూ ఉండదు, అక్కడి డాక్టరుతో మాట్లాడే దారీ ఉండదు. అమెరికాలో డాక్టరు మందు డోసు మార్చిన సంగతి హైదరాబాద్‌లో పథ్యం రాసే మనిషికి తెలియకపోతే, షుగర్ పడిపోయేది అర్ధరాత్రి న్యూజెర్సీలోనే.

మన దగ్గర మాత్రం గోడలు గట్టివా అంటే, ఇటుకలు ఇప్పుడే పేరుస్తున్నారు. 2021లో పార్లమెంటు చేసిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం డైటీషియన్లను, పోషకాహార నిపుణులను మొదటిసారి రిజిస్టర్ల కిందికి తెచ్చింది. రాష్ట్రాలు మండళ్లు పెట్టాలి. అవి నత్తనడక నడిస్తే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు రెండు నెలల గడువు విధించింది. 2020లో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టర్ల కోసం రాసినవి, అవి దేశం దాటిన సంప్రదింపులకు వర్తించవని అందులోనే ఉంది. హైదరాబాద్ నుంచి విదేశాలకు పథ్యం చెప్పే పని ఈ రెంటి మధ్యా ఖాళీలో సాగిపోతోంది.

క్లయింట్లుగా మనం చేయగలిగింది కొంత ఉంది, అది కష్టం కూడా కాదు. అమెరికాలో మాట్లాడే డైటీషియన్ పేరును డైటీషియన్లను రిజిస్టర్ చేసే జాతీయ కమిషన్ వెబ్‌సైట్‌లోనూ రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లోనూ వెతికితే లైసెన్సు ఉందో లేదో, దాని మీద చర్యలేమైనా ఉన్నాయో కనిపిస్తుంది. ఇన్సూరెన్సువాళ్లకు ఫోన్ చేసినప్పుడు డైటీషియన్‌కు డబ్బు కడతారా అని కాకుండా, ఫలానా రాష్ట్రంలో కూర్చుని వీడియోలో మాట్లాడితే కడతారా అని అడగాలి. ప్రయాణం ఉంటే ముందే చెప్పాలి. రాష్ట్రం మారిన సంగతి దాచి, కెమెరా వెనక గోడ ఒకటే కదా అనుకునేవాళ్లు ఉన్నారు. పట్టుబడితే పోయేది డైటీషియన్ లైసెన్సు, మీది కాదు. అమ్మానాన్నలు ఆరు నెలలకు వస్తుంటే, ఏ కొడుకింట్లో ఎన్ని వారాలో, ఏ కూతురింట్లో ఎన్ని వారాలో టికెట్లు కొనేటప్పుడే డైటీషియన్‌తో అనుకోవడం మేలు. కాల్ డల్లాస్‌లో ఉన్న వారాల్లోనే పెట్టుకుని, కొలంబస్‌లో ఉన్న వారాల్లో రాసిన లెక్కలు తిరిగొచ్చాక చూపించుకోవచ్చు.

కొలంబస్‌లో నోటుపుస్తకం తెరుచుకుని కూర్చున్న మన పెద్దావిడ దగ్గరికి వద్దాం. డైటీషియన్ ఆ రోజు పుస్తకం జోలికి వెళ్లలేదు. నడక, నీళ్లు, నిద్ర, ఎవరికైనా చెప్పగల నాలుగు మాటలు చెప్పి, అక్కడి డాక్టరుకు ఆ లెక్కలు చూపించమంది. కాల్ పెట్టేశాక ఒహాయో దరఖాస్తు తెరిచింది. ట్రాన్‌స్క్రిప్టులు తెప్పించుకోవాలి, వేలిముద్రలు ఇవ్వాలి, రుసుము కట్టాలి. అవన్నీ పూర్తయి లైసెన్సు చేతికొచ్చేసరికి పెద్దావిడ ఆరు నెలలూ అయిపోయాయి.

తర్వాతి కాల్ ఉయ్యూరు నుంచి.

"ఇప్పుడెక్కడున్నారమ్మా?"

"మా ఇంట్లోనే ఉన్నా. ఇదిగో, పుస్తకం తీశా. చదవమంటావా?"